మిత్రుడి పాటల సెట్టు ముందు కూర్చున్నప్పుడు

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఈ మధ్య మీ ఉత్తరాల పేజీలో అతిథి మర్యాదల మీద చర్చ బాగా నడిచింది. చెప్పులు ఎక్కడ విడవాలి, ఫోన్ చెయ్యకుండా వెళ్లొచ్చా, వెళ్లిన ఇంట్లో వైఫై పాస్‌వర్డ్ అడగొచ్చా అని పాఠకులు రాశారు. అన్నీ బాగానే ఉన్నాయి గానీ నాకు బాగా తెలిసిన ఇబ్బంది ఒకటి ఎవరూ ఎత్తలేదు. స్నేహితుడు కొత్తగా పాటల సెట్టు కొన్నాడు. కాఫీకి రమ్మన్నాడు. సోఫాలో కూర్చోబెట్టి రిమోట్ నొక్కాడు. పాట మొదలవగానే పాట సంగతి వదిలేసి మన మొహం చూడ్డం మొదలుపెట్టాడు. సెట్టేమో అంతంతమాత్రం. ఇప్పుడు మనం ఏమనాలి?

ఈ చిక్కు నాకు మిగతావాళ్ల కంటే ఎక్కువే ఎదురైంది. విజయవాడ గవర్నర్‌పేటలో చాలా ఏళ్లు రేడియోలు, టేప్‌రికార్డర్లు, ఆంప్లిఫైయర్లు బాగుచేసే దుకాణం నడిపాను. దుకాణం మూసేసినా పేరు పోలేదు. తెలిసినవాళ్లలో ఎవరు సెట్టు కొన్నా ‘ఓసారి వచ్చి వినండి’ అని కబురు పెడతారు. వాళ్లకి కావలసింది నేను వినడం కాదు, సర్టిఫికెట్ ఇవ్వడం.

అంతంతమాత్రం అంటే ఏమిటో ముందు చెప్పాలి. పాడైపోయిన సెట్టుకి మర్యాదతో పనిలేదు, రిపేరుకి ఇస్తే సరిపోతుంది. నేను చెప్పేది మంచీ కాని, చెడ్డా కాని సరుకు గురించి. తబలా వినపడుతుంది గానీ కుడిచేతి దెబ్బా ఎడమచేతి దెబ్బా విడివిడిగా తెలియవు. పాటలో స, ష అక్షరాలు వచ్చినప్పుడల్లా చెవిలో గుచ్చుకుంటుంది. సౌండు పెంచితే పాట పెరగదు, గోల పెరుగుతుంది. ముందు వైపు నీలం లైట్లు మాత్రం తాళం తప్పకుండా ఆడుతుంటాయి. స్టిక్కరు మీద వేల వాట్లు వేసి ఉంటాయి. పెట్టె వెనక్కి తిప్పితే కరెంటు వాడకం 60 వాట్లో 80 వాట్లో అని చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. గోడలోంచి అరవై తీసుకున్నది గదిలోకి వేలకు వేలు ఎక్కణ్నుంచి తెచ్చిస్తుంది? 1990ల్లో టూ-ఇన్-వన్‌ల (రేడియో, టేప్‌రికార్డరు కలిసిన సెట్లు) మీద పీఎంపీఓ అని ఒక లెక్క రాసేవారు, ఇదంతా దాని సంతానమే. రెప్పపాటులో ఎంత శక్తి రావొచ్చో ఊహించి, ఉన్న స్పీకర్లన్నిటికీ కలిపి వేసిన అంకె అది. దానికి ఒక ప్రమాణమంటూ లేదు, ఎవరి ధైర్యం కొద్దీ వాళ్లు వేసుకున్నారు. చూడాల్సింది ఆర్ఎంఎస్ వాట్లు, అంటే సెట్టు ఆగకుండా ఇస్తూ ఉండగలిగే శక్తి. అవి కూడా పదింతలైతే గానీ చెవికి సౌండు రెండింతలు అయినట్టు అనిపించదు. మామూలు హాలుకి 20 వాట్ల మంచి సెట్టు చాలు, ఇంకా మిగులుతుంది.

ఈ లెక్కలన్నీ కొనబోయేవాడికి పనికొస్తాయి. కొనేసినవాడికి చెబితే ఏమవుతుందో కళ్లారా చూశాను.

మా మిత్రుడొకడు బ్యాంకులో చేసి రిటైరయ్యాడు. హైస్కూల్లో ఇద్దరిదీ ఒకే బెంచీ. రిటైర్మెంటు డబ్బు ఫ్లాటుకీ అమ్మాయి పెళ్లికీ పోగా, తనకోసమని కొనుక్కున్నది ఈ సెట్టు ఒక్కటే: ఒక ఆంప్లిఫైయరు, నడుమెత్తు నిలువు స్పీకర్లు రెండు. సత్యనారాయణపురంలో వాళ్ల హాల్లోకి అడుగు పెట్టేసరికి రిమోట్‌కి ప్లాస్టిక్ కవరు కూడా ఇంకా తియ్యలేదు. రెండు స్పీకర్ల మీదా లేసు గుడ్డలు, ఒకదాని మీద అద్దం కట్టిన వెంకటేశ్వరస్వామి ఫొటో. వాళ్లావిడ కాఫీలిచ్చి లోపలికి వెళ్లకుండా గుమ్మం దగ్గరే ఆగింది. ఆవిడకీ వినాలనే ఉంది.

ముందు డెమో అన్నాడు. పెన్‌డ్రైవ్‌లో ఉరుములు, హెలికాప్టరు, గాజుగ్లాసు భళ్లున పగిలిన చప్పుడు. ఎవరింట్లో విన్నా ఇవే ఉరుములు. తరవాత ఘంటసాల పాట పెట్టాడు. ఆ గొంతంటే మా ఇద్దరికీ చిన్నప్పట్నుంచీ ప్రాణం. పెట్టి నా వైపు తిరిగాడు.

పల్లవి అయ్యేలోపే ఏదో తేడా ఉందని తెలిసింది. స్టీరియో, అంటే రెండు స్పీకర్లకీ వేరువేరు ధ్వని పంపే పద్ధతి, బ్లమ్‌లైన్ అనే ఇంగ్లండు ఇంజనీరు 1931లోనే పేటెంటుకి పెట్టిన ఊహ. 1958కల్లా పాశ్చాత్య దేశాల్లో స్టీరియో రికార్డులు బజార్లోకి వచ్చేశాయి. మన సినిమా పాట మాత్రం ఆ తరవాత కూడా చాలాకాలం మోనోలోనే ఉండిపోయింది. ఘంటసాల గారు 1974లో పోయారు. మనం వినే ఆయన సినిమా పాటలు ఇంచుమించు అన్నీ మోనోవే. అంటే రెండు స్పీకర్లకీ వెళ్లేది ఒకటే. అన్నీ సవ్యంగా ఉంటే గొంతు సరిగ్గా నడిమధ్యన, ఏ స్పీకరూ లేని చోట నుంచి వస్తున్నట్టుండాలి. ఇక్కడ గొంతు గదంతా పరుచుకుంది గానీ ఒకచోట నిలవడంలేదు. కింది స్వరాల బరువూ లేదు. నేను ఇంకా ఏమీ అనలేదు. పాట రెండో చరణంలో పడింది.

అప్పుడు వాళ్ల మేనల్లుడు ఫోన్లోంచి తల ఎత్తకుండానే, ‘మావయ్యా, దీంట్లో బేస్ లేదు, వాయిస్ కూడా క్లియర్‌గా లేదు. ఎంతకి పడింది?’ అన్నాడు. కుర్రాడు బెంగళూరులో సాఫ్ట్‌వేరు, మెళ్లో ఎప్పుడూ హెడ్‌ఫోన్. మిత్రుడు ధర చెప్పాడు. ‘అంత పెట్టావా! నన్నడిగితే ఇందులో సగానికి దీని తాతని ఇప్పించేవాణ్ని కదా.’

కుర్రాడు అబద్ధం చెప్పలేదు. చెవి ఉన్నవాడే, ఆ మాటకొస్తే నాకంటే మంచి చెవి. వయసు మీదపడే కొద్దీ పై స్వరాలు ముందు పోతాయి. తాళాల చివరి మెరుపు వాడికి అందినట్టు నాకు అందదు. కానీ మా వాడు పాట ఆపేశాడు, చరణం సగంలో. ‘ఏదోలేరా, కాలక్షేపానికి’ అని నవ్వి, అపార్ట్‌మెంటు మెయింటెనెన్సు సంగతి ఎత్తాడు.

కొన్నాళ్ల తరవాత వాళ్లావిడ రైతుబజార్లో కనపడింది. ‘అన్నయ్యగారూ, దాని మీద దుప్పటి కప్పేశారండీ. పొద్దున్నే స్నానం చేసొచ్చి సుప్రభాతం పెట్టేవారు, అదీ లేదు. మళ్లీ ఆ బుల్లి ఫోనే’ అంది. నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ దుప్పటే.

మేనల్లుడి మాటతో సెట్టు బాగుపడలేదు, డబ్బు వెనక్కి రాలేదు. ఇంట్లో పాట ఆగిపోయింది, అంతే. గృహప్రవేశానికి వచ్చి, పులిహోర తింటూ ‘ఈశాన్యంలో మెట్లు పెట్టించారేమిటండీ’ అనే పెద్దమనుషులుంటారు చూడండి, ఇది ఆ బాపతు. ఇప్పుడు మెట్లు పడగొట్టిస్తారా?

నేను ఈ విషయంలో ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఆ పూట, ఆ గదిలోనే, పైసా ఖర్చు లేకుండా నా చేత్తో సరిచెయ్యగలిగిన లోపమైతే చెబుతాను, అక్కడికక్కడే సరిచేస్తాను. డబ్బు పెడితే తప్ప పోని లోపమైతే కడుపులో పెట్టుకుంటాను. అడిగినా అంతే. ‘నిజం చెప్పరా, ఎలా ఉంది?’ అని మళ్లీ మళ్లీ అడిగేవాళ్లు ఉంటారు. నిజం వినడానికి అడిగేవాడు వాళ్లలో నూటికి ఒక్కడు, వాడు కూడా కొన్న వారంలో అడగడు.

అలాగని అబద్ధమాడమని నేననను. ‘అబ్బ, థియేటర్లో కూర్చున్నట్టుంది’ అన్నారనుకోండి. ఆయన అది నమ్మి ఇంకో నలుగురిని పిలుస్తాడు, ఆ నలుగురిలో ఒక మేనల్లుడు ఉండనే ఉంటాడు. లేదా ఆ ఉత్సాహంలో అదే కంపెనీది ఇంకా పెద్దది తెస్తాడు. మెచ్చుకోవాలంటే పాటను మెచ్చుకోండి. ‘ఈ చరణం వెనక వేణువు ఉందని ఇన్నాళ్లూ గమనించనేలేదు’ అనండి, నిజంగా ఇప్పుడే గమనించి ఉంటే. ఏ సెట్టులోనైనా ఏదో ఒకటి బాగుంటుంది. చిన్న స్పీకర్లలో తరచూ గొంతు బాగుంటుంది. పెద్ద డబ్బాల్లో మృదంగం బాగుంటుంది. కొన్నిట్లో పాటలు ఎలా ఉన్నా రేడియో వార్తలు చదివే మనిషి ఎదురుగా ఉన్నట్టుంటాడు. ఆ ఒక్కదాన్నీ పట్టుకోండి. ఎంత వెతికినా దొరకని రోజున ‘ఇంకోటి పెట్టు’ అనండి. ఇందులో అబద్ధం లేదు, సెట్టు కొన్నవాడికి ఇంతకు మించిన మెప్పూ లేదు.

పాటని మాత్రం చివరిదాకా వినాలి. పల్లవి కాగానే ‘సూపర్’ అని బొటనవేలు చూపించి రాజకీయాల్లోకి దిగిపోయేవాళ్లకీ ఆ మేనల్లుడికీ నాకు పెద్ద తేడా కనపడదు. 78 ఆర్‌పీఎం రికార్డు ఒక వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకు, పాత పాటల్ని ఆ కొలతకే కట్టారు. ఆ మాత్రం సేపు ఫోను జేబులో ఉంటే కొంపలేం మునగవు. ‘మా ఇంట్లో దాంట్లో అయితేనా’ అనే మాట ఆ పూటకి నోట్లోంచి రాకూడదు. ధర అడక్కూడదు. ఇంకొందరు ‘బ్లూటూత్ ఆన్ చెయ్యి’ అని తమ ఫోను కలిపేసి తమ పాటలు మొదలెడతారు. వీళ్లకి నేను మర్యాద నేర్పలేను.

మా చిన్నప్పుడు వీధికో రేడియో ఉంటే గొప్ప. దానికి పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి, డాబా మీద రాగితీగ ఏరియల్ లాగాలి. వాల్వులు వేడెక్కి సెట్టు నోరు విప్పడానికి అర నిమిషం పట్టేది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది, వివిధభారతి 1957లో వచ్చింది. రేడియో సిలోన్ తెలుగు పాటలు షార్ట్‌వేవ్‌లో దగ్గరికొస్తూ దూరమైపోతూ, మధ్యలో ఈల వేస్తూ, పక్క స్టేషను మనిషిని వెంటబెట్టుకుని వచ్చేవి. అరుగు నిండా జనం. వాళ్లకి చెవులు లేవనుకోకండి. పద్యనాటకంలో శ్రుతి తప్పితే లేచి కేకలు వేసే జనం వాళ్లు, ఒన్స్‌మోర్ అని మళ్లీ పాడించుకునే జనం వాళ్లు. పాడినవాణ్ని ఎంతైనా అన్నారు. రేడియో పెట్టిన ఇంటాయన్ని మాత్రం ‘నీ పెట్టె బాగా లేదు’ అనలేదు. పైగా మర్నాడు పొద్దున్నే ‘రాత్రి పాట బాగా వచ్చిందండీ’ అని చెప్పి వెళ్లేవారు.

తరవాత గల్ఫ్ సెట్ల కాలం. కువైట్, దుబాయ్ వెళ్లిన కోనసీమ వాళ్లు, కడప వాళ్లు విమానంలో తెచ్చిన టూ-ఇన్-వన్‌లకి పెళ్లికూతురికి చేసినంత ముస్తాబు చేసేవారు. ఆ వెనక అసెంబుల్డ్ సెట్లొచ్చాయి. మద్రాసు రిచీ స్ట్రీట్ నుంచో హైదరాబాదు కోఠీ గుజరాతీ గల్లీ నుంచో సామాన్లు తెచ్చేవాళ్లం, ముందు 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు, తరవాత ఎస్‌టీకే ఐసీలనే చిప్పులు. రేకు పెట్టెలో బిగించి, ముందు వైపు నాబ్‌లు తిన్నగా వచ్చేలా చూసి ఇచ్చేవాళ్లం. కొన్ని బ్రహ్మాండంగా పాడేవి, కొన్నిట్లో పాట ఆగినప్పుడు హమ్మింగ్ వినపడేది. అమ్మేచోట ఒక కిటుకు ఉంది, ఈ లైన్లో అందరికీ తెలిసిందే. రెండు సెట్లు పక్కపక్కన పెట్టి, అమ్ముడుపోవాల్సినదాన్ని రవ్వంత ఎక్కువ సౌండులో వినిపిస్తారు. కొనేవాడు ‘ఇదే బాగుంది’ అంటాడు. అంత తేలిగ్గా మోసపోయే చెవిని పట్టుకుని కోర్టు తీర్పులు చెప్పేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది.

ఇక మా వాడి సెట్టు. మేనల్లుడు బెంగళూరు వెళ్లిపోయాక ఓ ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. జేబులో స్క్రూడ్రైవరు, ఒక పెన్సిల్ సెల్. ‘దుప్పటి తియ్యరా, ఓ పాట విందాం.’ ‘ఎందుకులేరా.’ ‘నీకోసం కాదు, నాకు వినాలనుంది.’ గొణుక్కుంటూ తీశాడు.

వెనక్కి వంగి చూస్తే నేను అనుకున్నదే. ఎడమ స్పీకరుకి ఎర్రతీగ ఎర్రదాంట్లో, నల్లతీగ నల్లదాంట్లో ఉన్నాయి. కుడి స్పీకరుకి తారుమారు. బిగించడానికి వచ్చిన కుర్రాడు ఇంకో ఇంటికి వెళ్లే హడావిడిలో చేసి ఉంటాడు. ఇలా ఉంటే ఒక స్పీకరు గాలిని ముందుకి తోస్తున్నప్పుడు రెండోది వెనక్కి లాగుతుంది. రెండింటి బేసూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. గొంతుకి నిలబడే చోటు ఉండదు. దీనివల్ల సెట్టేమీ పాడవదు, పొగ రాదు, వాసన రాదు. అందుకే ఏళ్లతరబడి ఇలాగే వినే ఇళ్లు చాలా ఉన్నాయి.

తీగల రంగులు తెలియకపోతే అప్పుడు పెన్సిల్ సెల్ కావాలి. సెట్టు ఆపి, స్పీకరు తీగలు ఆంప్లిఫైయరు నుంచి విప్పాలి. సెల్ ప్లస్సుని ఒక తీగకి, మైనస్సుని రెండో తీగకి అలా తాకించి తీసెయ్యాలి. వూఫరు (కింది స్వరాలు పలికే పెద్ద స్పీకరు) కోను బయటికి కదిలితే ప్లస్సు తాకిన తీగే ప్లస్సు. లోపలికి పోతే రెండోది. సెల్ ఒకటిన్నర వోల్టుది చాలు, పెద్ద బ్యాటరీ జోలికి పోవద్దు. రెండు స్పీకర్లకీ ఒకేలా వస్తే పని అయిపోయినట్టే.

తీగలు సరిచేశాక స్పీకర్ల చోటు చూశాం. కుడిది గోడ మూలలో ఇరుక్కుని ఉంది. మూలలో పెడితే బేసు గుమ్ముమంటుంది, పాట దాని కింద పడిపోతుంది. ఇద్దరం చెరో పక్కా పట్టుకుని రెండడుగులు ఇవతలికి జరిపాం. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరం ఉందో, సోఫాకి వాటికి మధ్య కూడా ఇంచుమించు అంతే ఉండేలా చూశాం. మొహాలు కాస్త సోఫా వైపు తిప్పాం. లేసు గుడ్డ అంచు ట్వీటరు (పై స్వరాలు పలికే చిన్న స్పీకరు) మీద వేలాడుతోంది, అది పైకి మడిచాం. రిమోట్‌లో సరౌండ్ అని ఒక బటన్ నొక్కి ఉంది. ఉన్నవి రెండు స్పీకర్లు, పాట మోనో, దాన్ని గది చుట్టూ తిప్పే ప్రయత్నం ఎందుకు? అది ఆపేశాం. పాట పెట్టగానే స్వామివారి ఫొటో అద్దం జరజరమంది. ‘ఆయన్ని నేను గూట్లో పెడతానుండండి’ అని వాళ్లావిడ తీసుకెళ్లింది.

మళ్లీ అదే పాట. ఘంటసాల గారు వచ్చి రెండు స్పీకర్ల నడుమ, టీవీకి కాస్త పైన నిలబడ్డారు. మా వాడు లేచి వెళ్లి ఎడమ స్పీకరుకి చెవి పెట్టి, తరవాత కుడిదానికి పెట్టి, మళ్లీ వచ్చి మధ్యలో కూర్చున్నాడు. ‘ఏం చేశావురా?’ ‘తీగ తిరగబడింది, అంతే.’ తప్పు బిగించినవాడిదనీ, కొన్నవాడిది కాదనీ తెలిసినప్పుడు మనిషి మొహం ఎలా విప్పారుతుందో ఆ రోజు చూశాను. ఆ మధ్యాహ్నం నిద్ర లేదు. ఒకటి తరవాత ఒకటి పెడుతూనే ఉన్నాడు.

సెట్టు గొప్పదైపోలేదు. స, షలు ఇప్పటికీ గుచ్చుతాయి. ఆ ట్వీటరు అంతే, మార్చితే గానీ పోదు. ఆ ముక్క ఆయనతో అనలేదు, అనను. ఆయన తెప్పించుకునేది వేరే పత్రిక కాబట్టి ఇక్కడ ధైర్యంగా రాస్తున్నాను.

పిలిచేవాళ్లకి కూడా చెప్పాల్సినవి ఉన్నాయి. ‘ఎంత ఉంటుందో చెప్పుకో చూద్దాం’ అని ధరతో మొదలుపెట్టకండి. తక్కువ చెబితే మీకు కోపం, ఎక్కువ చెబితే కొన్నచోట మోసపోలేదని మీ సంబరం, పాట మాత్రం ఎవరూ వినరు. ఉరుములు, హెలికాప్టర్లు వద్దు. వచ్చినవాళ్లకి ఇష్టమైన పాట ఏదో కనుక్కుని అది పెట్టండి, పెట్టాక వాళ్ల మొహం చూడకండి. ఒక్కో పాట అర నిమిషం వినిపించి ‘ఇది చూడు, ఇంకోటి చూడు’ అని దాటించకండి. మాట్లాడుకోవడానికి గొంతు పెంచాల్సి వస్తుంటే సౌండు తగ్గించండి. రాత్రి 10 దాటాక ఎంత ముచ్చటగా ఉన్నా ఆపాలి. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా 45. బేసు గోడల్ని పట్టించుకోదు. పక్క ఫ్లాటులో పరీక్షలకి చదివే పిల్లకి మీ పాట వినపడదు, ఆ దుబ్‌దుబ్ ఒక్కటే వినపడుతుంది.

నోరు విప్పాల్సిన సందర్భాలు లేకపోలేదు. ఆంప్లిఫైయరు వేడి పోయే చిల్లుల మీద లేసు గుడ్డ కప్పి ఉంటే మొహమాటపడకుండా తీసి పక్కన పెట్టండి. రేకు బాడీ తాకితే చెయ్యి జిల్లుమంటే, మూడు పిన్నుల ప్లగ్గుకి మూడో పిన్ను పీకేసి ఉంటే, ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి సెట్టూ ఇస్త్రీపెట్టె కలిపి పెట్టి ఉంటే పాట మధ్యలోనైనా సరే ఆపించి చెప్పాలి. ఇక కొనకముందు అడిగితే మాత్రం దాచుకోవద్దు. అప్పుడు ఎంత కరుకుగా చెప్పినా మర్యాదే. షాపులో మీ పాటే పెట్టించుకుని వినమనండి, రెండు సెట్లు పోలుస్తుంటే సౌండు ఒకే స్థాయిలో ఉంచమని అడగమనండి, స్టిక్కరు వదిలేసి వెనక లేబులు చదవమనండి. ఇంట్లో హాలు సంగతి కూడా చెప్పండి. ఇప్పటి ఫ్లాట్లలో కింద నున్నటి టైల్స్, ఎదురుగా గాజు తలుపు, గోడకి ఒక్క గుడ్డ ముక్క ఉండదు. హాలు మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట కొట్టండి. చప్పుడు అక్కడితో ఆగకుండా గోడల మధ్య టంగుటంగుమని తిరిగితే, ఆ గదిలో లక్ష రూపాయల సెట్టు కూడా వెలవెలబోతుంది.

పోయినవారం మా వాడు ఫోన్ చేశాడు. ‘ఒక సబ్‌వూఫర్ కూడా తీసుకుందామనుకుంటున్నానురా, ఆఫర్ ఉంది’ అన్నాడు. ఇంకా కొనలేదు గనక మొహమాటం పెట్టుకోలేదు. ‘వద్దు. ఉన్న బేసే ఆ హాలుకి ఎక్కువ, పై ఫ్లాటు వాళ్లు పోట్లాటకి వస్తారు. అందులో నాలుగో వంతు పెట్టి గాజు తలుపుకి మందపాటి కర్టెన్లు కుట్టించు, సోఫా ముందు ఒక తివాచీ వెయ్యి’ అన్నాను. ‘సౌండ్ సిస్టమ్ గురించి అడిగితే కర్టెన్లంటావేమిట్రా’ అని విసుక్కుని పెట్టేశాడు. వాళ్లావిడ మాత్రం ఆ సాయంత్రమే వన్‌టౌన్ వెళ్లి బట్ట చూసొచ్చిందట. రంగు కుదరలేదని మళ్లీ వెళ్తోంది.

ఇట్లు,
ఒక పాత రేడియో మెకానిక్,
విజయవాడ